వలిసె పూల రంగు బొంత

ఆసుపత్రిలో దర్జీకి ఏం పని అని మీరు నవ్వుకోవచ్చు. ఉద్యోగంలో చేరిన రోజు నేనూ అలాగే అనుకున్నాను. అరకు లోయలో క్రైస్తవ సంఘం వాళ్లు నడిపే చిన్న ఆసుపత్రి అది. పెంకుల కప్పు, మూడు వార్డులు, వెనక గుడ్డలు ఉడకబెట్టే పాక, పక్కన ప్రార్థన గది. కొండల్లోంచి రైలు నడవడం మొదలై ఇంకా ఎక్కువ కాలం కాలేదు. దుప్పట్లు, దిండు గలీబులు, రోగుల అంగీలు, కిటికీ తెరలు, అప్పుడే పుట్టిన పిల్లలకు జుబ్బాలు, అన్నీ నేనే కుట్టేదాన్ని. ఎప్పుడూ కుట్టుమిషను ముందే ఉంటానని కొండ జనం నన్ను ‘మిసనమ్మ’ అని పిలిచేవారు. పదవీ విరమణ చేసి ఇంటికొచ్చాక కూడా ఎవరైనా నన్ను పేరు పెట్టి పిలిస్తే ఒక క్షణం ఆలోచించి పలికేదాన్ని.

ఇప్పుడు మన సంఘంలో కుట్టుపని నేర్చుకుంటున్న ఆడపిల్లలు ‘అమ్మమ్మగారూ, ఏ రంగు పక్కన ఏ రంగు వెయ్యాలి?’ అని అడుగుతుంటారు. కాగితం మీద రంగుల చక్రం గీసి చూపిస్తాను. గీసిన ప్రతిసారీ ఊపిరితిత్తుల వార్డులో చివరి మంచం మీద కూర్చున్న ఒక అమ్మాయి గుర్తొస్తుంది. ఆమె సంగతి చెప్పకుండా చక్రం మాత్రం నేర్పితే సగమే నేర్పినట్టు. అందుకే ఇది రాస్తున్నాను.

ముందు చక్రం సంగతి. కుట్టుపని బడిలో మా టీచరమ్మగారు నల్లబల్ల మీద రంగు సుద్దముక్కలతో గుండ్రంగా గీసి, “ఇదొక వీధి అనుకోండర్రా” అనేవారు. ఎరుపు పక్కన నారింజ, దాని పక్కన పసుపు, తర్వాత ఆకుపచ్చ, నీలం, ఊదా, మళ్లీ ఎరుపు. పక్కపక్క ఇళ్ల రంగులు పచ్చళ్లు ఇచ్చిపుచ్చుకునే ఇరుగుపొరుగులాంటివి. వాటిని కలిపి కుడితే కంటికి నెమ్మదిగా ఉంటుంది. ఎదురెదురు ఇళ్ల రంగులు అలా కాదు. పసుపుకి ఊదా ఎదురు, ఎరుపుకి ఆకుపచ్చ ఎదురు. రెంటినీ సమానంగా వేస్తే వీధిపోట్లాటే. ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ వేస్తే మాత్రం రెండూ వెలుగుతాయి. ఎంత మంచి రంగులు వేసినా మధ్యలో ఏ గొడవా లేని రంగు ఒకటి ఉండాలనీ, కన్ను కాసేపు కూర్చోవడానికి చోటు కావాలనీ ఆవిడ చెప్పేవారు. దానికి నేను ‘బొంతకి ఆదివారం’ అని పేరు పెట్టుకున్నాను.

అంతకంటే ముందే మా అమ్మ నాకు వేరే రంగులు నేర్పింది. అమ్మ సువార్త చెబుతూ ఊరూరా తిరిగేది. చదువురాని ఆడవాళ్లకు చెప్పడానికి సంచిలో నాలుగు గుడ్డముక్కలు పెట్టుకునేది. నలుపు పాపం. ఎరుపు రక్షకుని రక్తం. తెలుపు కడిగిన హృదయం. పసుపు పరలోకం, అక్కడి బంగారు వీధులు. అడుగు తీసి అడుగు వెయ్యడం రాకముందే ఆ ముక్కలు నోట్లో పెట్టుకుని నమిలేదాన్నట. కాబట్టి పసుపు చూస్తే నాకు ఇప్పటికీ లోపల దీపం వెలిగినట్టుంటుంది. నలుపు చూస్తే చెయ్యి వెనక్కి పోయేది.

ఈ రెండు చదువులతోనూ నేను బొంతలు కుట్టేదాన్ని. చలికాలానికి ముందు మైదానం సంఘాల నుంచి పాతచీరల మూటలు వచ్చేవి. కలరా ఉండల వాసన వేసేవి. నాలుగైదు చీరల మడతలు లోపల పెట్టి, పైన రంగు ముక్కలు అతికి, గళ్లు గళ్లుగా కుట్టేదాన్ని. ఊపిరితిత్తుల వార్డులో ఒక్కో రోగికీ ఒక్కో బొంత. జబ్బు నయమై ఇంటికి వెళ్లేటప్పుడు దాన్ని పట్టుకుపోవచ్చు. అది మా మేట్రనమ్మగారు పెట్టిన పద్ధతి.

మేట్రనమ్మగారి గురించి ఒక మాట చెప్పాలి. గంజిపెట్టిన తెల్లచీర, దానికంటే గట్టి మాట. వార్డులోకి ఆవిడ అడుగుపెడితే ఈగలు కూడా వరసలో నిలబడతాయని మేం చెప్పుకునేవాళ్లం. ఆవిడకి సరిజోడు మా ఆయమ్మ. ఆవిడ కొండ కింద పుట్టి, కొండమీద మనువాడి, రెండు వైపుల మాటా వచ్చిన మనిషి. గుడ్డలు ఉడకబెట్టే పని కావాలని అడిగి తీసుకుంది. ఎందుకో తర్వాత తెలిసింది.

“పొయ్యి పొగలో సుట్ట పొగ కలిసిపోతాది మిసనమ్మా. మేట్రనమ్మకి ఏటి తెలుత్తాది?” అనేది.

మేట్రనమ్మగారికి మొదటినుంచీ తెలుసు. పని బాగా చేస్తుందని ఊరుకునేవారు.

ఇక ఆ అమ్మాయి. ఆమెని వానల్లో డోలీలో మోసుకొచ్చారు. ఒంట్లో ఎముకలు తప్ప ఏమీ లేవు, దగ్గితే రక్తం. పాలు తాగే కొడుకుని వెంట తెచ్చారు. పక్కనుంటే బిడ్డకీ జబ్బు అంటుకుంటుందని డాక్టరమ్మ ఒప్పుకోలేదు. పిల్లవాణ్ని అత్తగారు ఎత్తుకుని అదే వానలో వెనక్కి నడిచింది. ఈ అమ్మాయి మంచం మీద లేచి కూర్చుని ఏడవలేకపోయింది. ఏడిస్తే దగ్గు వస్తుంది. నోరు కొంగుతో గట్టిగా మూసుకుని, కళ్లతోనే వాళ్లని చెట్లదాకా సాగనంపింది.

మందులు పనిచేశాయి. వానలు తగ్గేసరికి దగ్గు తగ్గింది, బుగ్గల్లోకి కండ వచ్చింది. మాకు సంతోషం. డాక్టరమ్మకి మాత్రం భయం. ఆవిడ మాటలు నాకిప్పటికీ గుర్తే. “జబ్బు పడుకుంది, చావలేదు. వేసవి దాకా సూదులూ మాత్రలూ పడాలి. బాగున్నానని మధ్యలో వెళ్లిపోయిందా, మళ్లీ లేస్తుంది. అప్పుడు ఈ మందులకి లొంగదు.” కిందటేడు అలాగే ఒకామె వెళ్లిపోయింది. నేను కుట్టిచ్చిన బొంతలోనే ఆమెని చుట్టి పాతిపెట్టారని తర్వాత సంతలో విన్నాను.

ఈ అమ్మాయి దిగులు మాకు తెలుసు. చావు గురించి కాదు. సంతరోజున మొగుడు వచ్చి వరండా బయట నిలబడి కబుర్లు చెప్పేవాడు. గుంటడు పాకుతున్నాడు, గుంటడికి పన్ను వచ్చింది, గుంటడు నాయనమ్మని అమ్మా అంటున్నాడు. ఆ ఆఖరి మాట అతను సరదాగానే చెప్పాడు. ఆ రోజు ఆమె అన్నం ముట్టలేదు.

“ఆడు నన్ను మరిసిపోతాడు,” అంది ఆయమ్మతో. “నాను బతికి ఎల్లినా ఆడు నా కాడికి రాడు.”

ఆ మాట విన్నాక ఆమె బొంత అందరి బొంతల్లాగా ఉండకూడదనుకున్నాను. ఆమె మంచం మీద పరలోకం పరవాలి అనుకున్నాను. మూటల్లో ఎవరిదో పెళ్లి నాటి పసుపుచీర దొరికింది. దాన్ని ముక్కలు చేశాను. పసుపు వెలగాలంటే ఎదురింటి రంగు కావాలి కదా, చుట్టూ వంగపండు రంగు అంచు వేశాను, సన్నగానే. పసుపుకి ఇరుగు కావాలని అక్కడక్కడా ఆకుపచ్చ. ఆదివారానికి మీగడ రంగు. ఒక్కో గడి కుడుతూ ఒక్కో ప్రార్థన చేశాను. బైబిల్లో ఆరాధన గుడారానికి నీలం, ఊదా, ఎరుపు దారాలతో తెరలు నెయ్యమని ప్రభువే రంగులు ఏరి చెప్పాడు, ఆయనకి రంగులంటే ఇష్టం, నా రంగుల్లోకి కూడా దిగుతాడని నా నమ్మకం. నమ్మకం తప్పు కాదు. ఆయన ఎలా దిగుతాడో నేను నిర్ణయించడం దగ్గరే వచ్చింది చిక్కు.

బొంత పూర్తయ్యాక మేట్రనమ్మగారు కూడా వచ్చి చూశారు. “బాగుంది. వార్డుకి ఎండ వచ్చినట్టుంది,” అన్నారు. ఆవిడ నోట ‘బాగుంది’ వినడం మంచు రోజున ఎండ చూడడం లాంటిది. నాకు నేల మీద కాలు నిలవలేదు.

మంచు ఇంకా విడవని పొద్దున ఆ బొంత తీసుకెళ్లి ఆమె కాళ్లమీద పరిచాను. ఆమె చూసింది. వేలితో పసుపు ముక్కని తాకి, తర్వాత ఊదా అంచుని తాకి, నావైపు తిరిగింది.

“వలిసి అప్పుడే పూసేసిందేటి?”

వలిసెలు మీలో కొందరు చూసి ఉండరు. నూనెగింజ పంట. చలి మొదలయ్యే రోజుల్లో అరకు చేలన్నీ ఆ పూలతో పసుపురంగు తిరిగిపోతాయి. మధ్యలో ఆకుపచ్చ, వెనక ఊదారంగు కొండలు. నాకు తెలియకుండానే నేను ఆమె చేనుని కొలతలతో సహా కుట్టేశాను. మా వార్డు కిటికీలు సిల్వర్ ఓక్ చెట్లవైపు ఉంటాయి. అక్కడినుంచి పొలం కనబడదు.

“పూసింది. లోయంతా పూసింది,” అన్నాను మురిసిపోతూ.

ఆమె బొంతని తిరగేసి, తెల్లటి అడుగు పైకి వచ్చేలా కప్పుకుని, గోడవైపు తిరిగి పడుకుంది.

ఆయమ్మ నన్ను వరండాలోకి లాక్కెళ్లింది. “ఓలమ్మా, ఏటి సేసినావు? ఈ గుంటని మోసుకొచ్చినప్పుడు వలిసి ఇంకా జల్లనేదు. పూసేసిందంటే కోతకొచ్చేత్తాది. అంత కాలం అయిపోనాదని దానికి ఇప్పుడే తెలిసినాది. పంట ఎదిగినాది, గుంటడు ఎదిగినాడు, నాను ఈడ మంచం మీదున్నాను అనుకోదేటి?”

“నేను సంతోషపెడదామనే…”

“సంతోసమే. సేలో నిలబడి సూసినోళ్లకి సంతోసం.”

నేను చూసింది పరలోకం. ఆమెకి కనబడింది ఇంటిదారి.

సాయంత్రానికి ఆమె తేల్చి చెప్పేసింది. “సంతరోజుకి మా ఆయన వత్తాడు. నాను ఎల్లిపోతాను.” డాక్టరమ్మ కూర్చుని నెమ్మదిగా చెప్పింది. మేట్రనమ్మగారు నిలబడి గట్టిగా చెప్పారు. ఆమె తల ఊపుతూ అంతా విని, చివర మళ్లీ అదే మాట అంది. మనిషిని కట్టేసి మందు ఇవ్వలేం కదా.

నేను ప్రార్థన గదిలో మోకరించి ఏడ్చాను. ఆమెని ఆపడానికి నా నోట ఒక మాట పెట్టమని అడిగాను. లేచి వార్డుకి వెళ్లాను. ఆ అమ్మాయి మంచం పక్కన కూర్చుని ఊరికే ఆమె చెయ్యి పట్టుకున్నాను. ఆమె నామీద కోపంగా లేదు. నన్ను ఓదార్చాలనుకుందేమో, “బొంత మంచిది మిసనమ్మా. నాకొద్దు. మా గుంటడికి పంపెయ్యి. ఆడికి సలేత్తాది,” అంది. ఒకవేళ డాక్టరమ్మ చెప్పినట్టే అయితే పిల్లవాడికి తన గుర్తుగా అదైనా ఉంటుందని ఆమె ఉద్దేశం. పైకి అనలేదు. చెయ్యి నా చేతిలో ఉంది కాబట్టి నాకు తెలిసింది.

ఆ వార్డులోంచి ఏ గుడ్డా ఉడకబెట్టకుండా బయటికి వెళ్లకూడదు, అందులోనూ చంటిబిడ్డకి. మేట్రనమ్మగారు సంతకి ముందురోజే బొంతని ఆయమ్మకి అప్పగించారు. సోడా వేసి బాగా మరగబెట్టి, పొద్దున్నే ఎండలో వెయ్యమన్నారు. ఎన్నో పాతచీరల ముక్కలు కలిసిన బొంత. ముందు ఉప్పునీళ్లలో నానబెట్టి రంగు నిలబెట్టాలి. చెబుదామని నేను పాక దగ్గరికి వెళ్లాను కూడా. పొగలో ఆయమ్మ కనబడలేదు. పొయ్యిమీద గంగాళం కుతకుతమంటోంది, చుట్ట వాసన వస్తోంది. అంతా సవ్యంగానే ఉందనుకుని వచ్చేశాను.

సంతరోజు పొద్దున ప్రార్థన అయ్యాక వెనకవైపు వెళ్లి తీగమీద ఆరేసిన దాన్ని చూశాను. మొదట అది నా బొంత అని తెలియలేదు.

పసుపు లేదు. ఎర్రమన్ను పులిమినట్టు జేగురు రంగు. ఊదా అంచు నల్లగా కమిలిపోయింది. ఆకుపచ్చ ఎక్కడుందో వెతుక్కోవాలి. మీగడ రంగు గోడకి అలికిన మట్టిలా తిరిగింది. పక్క తీగమీద ఆయమ్మ కొత్త యూనిఫాం చీర ఆరుతోంది. నిన్నటిదాకా ఇటుకరంగు చీర అది. ఇప్పుడు గులాబీ రంగులో సిగ్గుపడుతోంది.

“నీ చీర కూడా అందులో వేశావా?” అని అడిగాను.

“గంజి పోద్దని ఏసినాను అమ్మా. కట్టెలు కలిసొత్తాయని…” ఆయమ్మ తన చీర అంచు పట్టుకుని చూసుకుంది. “ఇదేటి, నాను పెళ్లికూతురినైపోనాను!”

మరో రోజైతే నవ్వేదాన్ని. ఆ రోజు గడ్డిమీద కూలబడి ఏడ్చాను. ఆమె కొడుక్కి వెళ్లాల్సిన ఒకే ఒక్క గుర్తు. మేట్రనమ్మగారు వచ్చారు, తీగలు చూశారు, గులాబీ చీర చూశారు. ఆయమ్మ తల వంచుకుంది. ఆవిడ ఏదో అనబోయేలోపు వార్డు తలుపు దగ్గర చప్పుడైంది.

ఆ అమ్మాయి. ప్రయాణానికి తయారై తల దువ్వుకుని, మూట పక్కన పెట్టుకుని, మాకోసం చూస్తోంది. మా ఏడుపూ గొడవా విని గోడ పట్టుకుని నెమ్మదిగా మెట్లు దిగి తీగ దగ్గరికి వచ్చింది. తడిగా ఉన్న బొంతకి చెంప ఆనించింది.

“మా గోడ,” అంది.

మాకెవరికీ అర్థం కాలేదు. ఆమె చేత్తో చూపించింది. మధ్యలో జేగురు, అది ఎర్రమన్ను. కింద నల్లపట్టీ. నడుమ సన్నగా మట్టి చార. వాళ్ల ఇళ్లు మీరు చూసి ఉంటే తెలుస్తుంది, పండగకి ముందు ఆడవాళ్లు గోడలకి ఎర్రమన్ను పూసి, కింద నలుపు దిద్దుతారు. పెళ్లయి వచ్చిన ఏడాది ఆ గోడలు పూసింది తనే. కడుపుతో ఉన్నప్పుడు మళ్లీ పూసింది. పిల్లవాడు పుట్టింది ఆ గోడ పక్కనే. పాలు తాగుతూ వాడు కళ్లు తిప్పి చూసేది ఆ గోడనే.

“పొద్దుపోయినాక ఇలాగే ఉంటాది,” అంది. అని నవ్వింది. ఆమె పళ్లు ఎలా ఉంటాయో అప్పుడే చూశాను.

నా చక్రం ప్రకారం అవి దిగులు రంగులు. జేగురూ నలుపూ కలిపి రోగికి కప్పమని ఏ టీచరమ్మా చెప్పదు. అమ్మ సంచి ప్రకారం నలుపైతే మరీ. ఆ అమ్మాయి చెంప మాత్రం ఆ నలుపు మీదే ఆనించి ఉంది. కొండమీద దేవుడు కారుమబ్బు చీకట్లో ఉన్నాడని చిన్నప్పటినుంచీ బైబిల్లో చదువుకున్నదాన్నే. ఆ చీకటి ఏ రంగులో ఉంటుందని ఎప్పుడూ అడగలేదు.

మధ్యాహ్నం మొగుడు వచ్చాడు. వరండా బయట నిలబడి, “దండాలమ్మా, తీసుకుపోతాను,” అన్నాడు. మూట ఎత్తబోయాడు. ఆమె ఉండమని చెయ్యి చూపించి నావైపు తిరిగింది.

“మిసనమ్మా, కత్తెర తే.”

“ఎందుకు?”

“మజ్జికి కొయ్యి.”

కత్తెర తెచ్చాను. కుట్టేవాళ్లకి తెలుస్తుంది, చేసిన పనిని నిలువునా కొయ్యడం ఎంత కష్టమో. ఆమే అటుకొస పట్టుకుంది, ఆయమ్మ ఇటుకొస పట్టుకుంది. నేను కోశాను. మందపాటి మడతలు కరకరమని తెగాయి.

ఒక సగం మొగుడి చేతిలో పెట్టి వాళ్ల మాటలో గబగబా చెప్పింది. ఆయమ్మ మాకు తెలుగులో చెప్పింది: “ఆడికి ఎప్పుడూ ఇదే కప్పమంటంది. ఉతికినా అదే రోజు ఆరబెట్టి మళ్లీ ఇదే కప్పాలంట. రెండో సగం దానికంట. ఆడు అక్కడ, ఇది ఇక్కడ, ఒకే గోడ పక్కన పడుకుంటారంట. వేసంగి దాకా ఉంటాదంట.”

డాక్టరమ్మ కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. అతను బొంతముక్కని వాసన చూసి, “సబ్బు కంపేత్తంది,” అన్నాడు. “ఆడికి అలవాటైపోద్దిలే,” అంది పెళ్లాం. మూట విప్పి పళ్లెం, దువ్వెన మళ్లీ గూట్లో పెట్టుకుంది.

తెగిన అంచులు దారాలు ఊడిపోకుండా మడిచి కుట్టాలి. అతన్ని కూర్చోబెట్టి మిషను ముందు కూర్చున్నాను. అంచుకి ఏ గుడ్డ వెయ్యాలని అడిగాను. ఉద్యోగంలో అంతకుముందు ఎవరినీ అలా అడగలేదు, నాకు తెలుసుననే ధీమా. “నలుపు. గోడ కింద నలుపుండాలి,” అంది. మూటల్లో ఎవరో పాస్టరుగారి చివికిన నల్ల అంగీ ఒకటుంది, ఎవరికీ పనికిరాదని పక్కన పడేశాను. నల్లగుడ్డ రోగికా అని మేట్రనమ్మగారు అంటారేమోనని చూశాను. ఆవిడ అంగీని తీసుకుని కుట్లు తనే విప్పడం మొదలుపెట్టారు.

విప్పుతూ, “ఏమ్మా, నీ చక్రం ఏమంటుంది దీన్ని?” అని అడిగారు.

ఆలోచించాను. చక్రంలో ఆ పాఠం కూడా ఉంది. పరీక్షకి చదివి మరిచిపోయాను. పడని రంగులన్నిట్లోకీ ఒకే రంగు కొద్దికొద్దిగా దిగితే, అవన్నీ చుట్టాలైపోతాయి. ఆయమ్మ చీర ఎరుపు పసుపులోకీ దిగింది, పచ్చలోకీ ఊదాలోకీ దిగింది. అన్నీ ఒకే ఇంటివయ్యాయి. ఆ మాటే చెప్పాను. మేట్రనమ్మగారు దారం కొరికి, “ఆ ఎరుపు సంగతి మనకి తెలిసిందేగా,” అన్నారు. ఇద్దరం విశ్వాసులం. ఇంకేం చెప్పుకోనక్కర్లేకపోయింది.

ఆయమ్మని మాత్రం వదల్లేదు. “ఆ గులాబీ చీరే నీ యూనిఫాం, చిరిగేదాకా కట్టు,” అన్నారు. ఆయమ్మ దాన్ని ఎంత గర్వంగా కట్టిందంటే, సంతలో ఎవరైనా ఎగతాళి చేస్తే, “డాట్రమ్మ మందు కన్నా నా సీర గొప్పది తెల్సా!” అనేది.

పిల్లలూ, చక్రం నేర్చుకోండి. బాగా నేర్చుకోండి. ఏ రంగుకి ఏది పొరుగో, ఏది ఎదురో తెలియకుండా గుడ్డ కొయ్యకండి. పసుపు ఉల్లాసం, నీలం నెమ్మది అని పుస్తకాల్లో ఉంటుంది, చాలామంది విషయంలో అది నిజమే. కాని రంగు కన్ను దాటి లోపలికి వెళ్లాక ఏ గుమ్మంలో ఆగుతుందో మీకు తెలియదు. దాన్ని ఆ మనిషినే అడగాలి. ఆ తర్వాత కుట్టిన ప్రతి బొంతకీ ముందు రోగి దగ్గర కూర్చుని, మీ ఇంటి గోడ ఏ రంగు, మీ అమ్మ ఏ రంగు చీర కట్టేది అని అడిగేదాన్ని. కొందరు నవ్వేవారు. కొందరు చాలాసేపు చెప్పేవారు.

అన్నట్టే ఆ అమ్మాయి వేసవి దాకా ఉంది. సూదులన్నీ పొడిపించుకుంది. చలి పోయింది, సిల్వర్ ఓక్ ఆకులు రాలాయి, మామిడికాయలు ముదిరాయి. వాళ్ల కొత్త మామిడి పండగకి ముందు డాక్టరమ్మ ఛాతీ పరీక్ష చేసి, ఇక వెళ్లమంది. మేట్రనమ్మగారు నన్ను తోడు పంపారు. బస్సు దిగి, గెడ్డనీళ్లు దాటి, కొండవాలున నడిచాం. ఊరు కనబడేసరికి ఆమె అడుగు నెమ్మదించింది. అంతదాకా పరుగెత్తిన మనిషి.

అత్తగారు గుమ్మంలో నిలబడి ఉంది, చంకలో పిల్లవాడు. ఏడాది దాటిన గుంటడు, బొద్దుగా ఉన్నాడు. తల్లి చేతులు చాపింది. వాడు చూశాడు. కెవ్వుమని ఏడ్చి నాయనమ్మ మెడ కరిచిపట్టుకున్నాడు.

ఆమె రెండోసారి చేతులు చాపలేదు. నావైపు చూడలేదు. ఆమె ఇన్ని నెలలూ భయపడిన క్షణం అదే. నేను నిలబడిన చోటే లోపల ‘ప్రభువా’ అన్నాను. ఆమె అరుగుమీద కూర్చుని, మూట విప్పి, తన సగం బొంత తీసి పక్కన పరుచుకుంది. ఎర్రమన్ను గోడ కింద ఆ బొంత ఎక్కడ మొదలైందో తెలియనంతగా కలిసిపోయింది.

గుంటడి ఏడుపు మధ్యలో ఆగింది. నాయనమ్మ చంకలోంచి జారి కిందికి దిగాడు. బొంతని చూశాడు, గోడని చూశాడు, తల్లిని మాత్రం చూడలేదు. తడబడుతూ లోపలికి వెళ్లాడు. అయిపోయిందనుకున్నాను. కాసేపటికి లోపల ఏదో ఈడుస్తున్న చప్పుడైంది. వాడు తన సగాన్ని ఈడ్చుకుంటూ వచ్చాడు. మట్టి, అంబలి మరకలు, ఒక మూల నమిలి నమిలి పీచైపోయింది. తెచ్చి, ఆమె సగం పక్కన పడేసి, రెంటిమీదా కూర్చున్నాడు. ఎవరిదో ఈ రెండోది అన్నట్టు చేత్తో తట్టి చూశాడు. తట్టిన చెయ్యి మెల్లగా జరిగి ఆమె మోకాలిమీద పడింది. అక్కడే ఉండిపోయింది.

ఆమె కదల్లేదు. తర్వాత వాడికి వినబడకుండా నాతో అంది, “సూది ఉన్నాదేటి మిసనమ్మా?”

దర్జీ దగ్గర సూది లేకుండా ఉంటుందా. సంచి తీసి దారం ఉండలు ఆమె ముందు పెట్టాను. నల్లదారం ఉంది, అంచుకి సరిపోతుంది. జేగురు దారం ఉంది, గోడలో కలిసిపోతుంది. నేను జేగురు వైపు చెయ్యి చాపాను. అంతలో గుర్తొచ్చి ఆగాను.

“ఏ దారం?” అని అడిగాను.

ఆమె ఉండలన్నీ కదిపి చూసి, అడుగునున్న పసుపుదారం తీసింది. ఆ బొంతని మొదట కుట్టగా మిగిలినది.

“వలిసి పూసినట్టుంటాది,” అంది. పిల్లవాణ్ని కదపకుండా, వాడు కూర్చున్న చుట్టూనే రెండు సగాలనీ కలిపి కుట్టడం మొదలుపెట్టింది.